రీఫ్ ట్యాంక్‌లో పఫర్ చేప వేయొచ్చా? కొనకముందే తేల్చుకునే పద్ధతి

షాపులో అద్దానికి మూతి ఆనించి, రెండు కళ్ళూ వేర్వేరుగా తిప్పుతూ మనల్నే చూసే పఫర్ చేపను వదిలేసి ఇంటికి రావడం కష్టం. నేనూ రాలేకపోయాను. అరచేతిలో సగం కూడా లేని వాలెంటిని పఫర్ అది. నాదేమో రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి ఆక్వేరియం. "చిన్నదే కదా సార్, రీఫ్ సేఫే" అన్నాడు షాపు కుర్రాడు. నాలుగో రోజు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే నా రెండు క్లీనర్ రొయ్యల్లో మిగిలింది ఇసుక మీద పడి ఉన్న తెల్లటి మీసాలే. కోరల్స్ మాత్రం ఒక్కటీ చెక్కుచెదరలేదు.

ఆ కుర్రాడు అబద్ధం చెప్పాడా అంటే, సగమే చెప్పాడు. "రీఫ్ సేఫ్" అనే మాటలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఇది కోరల్స్‌ను కొరుకుతుందా? రెండోది, కోరల్స్ మధ్య తిరిగే రొయ్యలను, నత్తలను, పీతలను, పురుగులను బతకనిస్తుందా? రెండో ప్రశ్నకు దాదాపు ఏ పఫర్ విషయంలోనైనా జవాబు "బతకనివ్వదు" అనే. మొదటిదానికి జవాబు జాతిని బట్టి, ఆ ఒక్క చేప స్వభావాన్ని బట్టి, మనం పెట్టే తిండిని బట్టి మారుతుంది. అందుకే "పఫర్ రీఫ్ సేఫా?" అని అడిగితే తేలదు. "ఏ పఫర్? నా ట్యాంక్‌లో ఏమేం పోయినా నేను తట్టుకోగలను?" అని అడగాలి. ఈ కింది క్రమమంతా దానికోసమే.

మొదటి మెట్టు: ముందు పేరు తేల్చుకోండి

షాపులో "పఫర్" అని రాసి ఉంటే దానికి అర్థం లేదు. శాస్త్రీయ నామం అడగండి. వాళ్ళకు తెలియకపోతే ఫోటో తీసుకుని ఇంటికొచ్చి మీరే పోల్చుకోండి. ఆ రోజే కొనాలన్న తొందర పెట్టుకోకండి.

మన దగ్గర షాపుల్లో ఎక్కువగా కనిపించే రెండు పఫర్‌లు అసలు రీఫ్ ట్యాంక్‌వే కావు. బఠాణీ గింజంత ఉండే పీ పఫర్ పశ్చిమ కనుమల నదుల్లోది, మంచినీటి చేప. ఉప్పునీళ్ళలో వేస్తే చస్తుంది. ఆకుపచ్చ ఒంటి మీద నల్ల చుక్కలుండే గ్రీన్ స్పాటెడ్ పఫర్‌ను మంచినీటి చేప అని అమ్ముతారు గానీ, పెద్దయ్యే కొద్దీ దానికి ఉప్పు కావాలి. పూర్తి సముద్రపు నీటికి అలవాటు పడుతుంది కూడా. కానీ ఏది కదిలినా కొరికే రకం. రీఫ్‌కు వద్దు.

సముద్రపు పఫర్‌లలో పెద్దవాటిని కూడా ఇక్కడే పక్కన పెట్టేయండి. డాగ్‌ఫేస్ అని ముద్దుగా పిలిచే ఆరోథ్రాన్ నిగ్రోపంక్టాటస్ 30 సెంటీమీటర్లు దాటుతుంది, సహజంగానే దాని తిండిలో కోరల్ కొమ్మల కొసలు ఉంటాయి. గినీఫౌల్ పఫర్ అనే ఆరోథ్రాన్ మెలియాగ్రిస్ అయితే కోరల్స్ తినడానికే పేరుపడ్డది, తూర్పు పసిఫిక్‌లో పోసిల్లోపోరా అనే కోరల్ కొమ్మల చివర్లు పటపటా కొరుక్కుంటూ తిరుగుతుంది. ఆరోథ్రాన్ స్టెల్లాటస్ మీటరు దాటి పెరుగుతుంది. షాపులో గుప్పెడంత ఉన్న పిల్లను చూసి మోసపోకండి. ముళ్ళ పఫర్, అంటే పోర్క్యుపైన్, కోరల్స్‌ను సాధారణంగా తినదు. కానీ పీతలు, నత్తలు, రొయ్యలు ఏవీ మిగలవు, రాళ్ళకు అతికించిన కోరల్ ముక్కలను తోసి పడేస్తుంది, హీటర్ వైరునూ కొరుకుతుంది. దానికి కనీసం 700 లీటర్ల ట్యాంక్ కావాలి. ఇలాంటివి పెంచాలని మనసు పడితే రాళ్ళు, చేపలు మాత్రమే ఉండే వేరే ట్యాంక్ కట్టుకోండి. అందులో అవి రాజాల్లా బతుకుతాయి.

బాక్స్‌ఫిష్, కౌఫిష్‌లను కూడా కొందరు పఫర్‌లతో కలిపి చెబుతారు. చుట్టాలే గానీ ఇవి వేరు. బెదిరినప్పుడు చర్మం నుంచి ఓ విషాన్ని నీళ్ళలోకి వదులుతాయి. మూసిన ట్యాంక్‌లో అది మిగతా చేపలనూ, ఒక్కోసారి విషం వదిలిన చేపనూ చంపేస్తుంది.

ఇక మిగిలింది టోబీలు. పఫర్ కుటుంబంలోనే కాంథిగాస్టర్ అనే ప్రజాతికి చెందిన చిన్న పఫర్‌లు, మూతి కోసుగా ఉంటుంది, పెద్దయినా 10 సెంటీమీటర్ల చుట్టుపక్కలే. వీటిలో ఎక్కువగా దొరికేది వాలెంటిని. తెల్లటి ఒంటి మీద వీపు నుంచి దిగే నాలుగు నల్లటి పట్టీలు, తోక పసుపు. ఒంటినిండా నీలి చుక్కలుండే సోలాండ్రీ కూడా దొరుకుతుంది. రీఫ్ ట్యాంక్ గురించి ఆలోచించదగ్గవి ఇవి మాత్రమే, అదీ "జాగ్రత్తగా" అన్న మాటతో.

ఒక చిన్న తమాషా. వాలెంటినికి అచ్చుగుద్దినట్టుండే ఫైల్‌ఫిష్ ఒకటుంది, పారాల్యూటెరెస్ ప్రయోన్యూరస్. వాలెంటిని విషం అని తెలిసి పెద్ద చేపలు వదిలేస్తాయి కదా, అందుకని ఇది దాని వేషం వేసుకుని బతుకుతుంది. షాపుల్లో ఒక్కోసారి రెండూ కలిసిపోయి వస్తాయి. తేడా రెక్కల్లో ఉంది. పఫర్‌కు వీపు రెక్క చిన్నగా, తోక దగ్గర్లో ఉంటుంది. ఫైల్‌ఫిష్‌కు వీపు రెక్కా, కింది రెక్కా ఒంటి వెంబడి పొడుగ్గా పరుచుకుని ఉంటాయి.

రెండో మెట్టు: ఆ నోటిని అర్థం చేసుకోండి

పఫర్ కుటుంబం పేరు టెట్రాడాంటిడే, నాలుగు పళ్ళవి అని అర్థం. పైన రెండు, కింద రెండు పళ్ళు కలిసిపోయి చిలుక ముక్కులా అవుతాయి. ఈ పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గట్టివి కొరికితేనే అరుగుతాయి. అరగకపోతే నోరు మూసుకుపోయి తినలేక చచ్చిపోతుంది. కాబట్టి అది మీ నత్తను పగలగొడితే అల్లరికి చేసిన పని అనుకోకండి, అది లేకుండా దానికి బతుకులేదు.

సముద్రంలో వాలెంటిని ఏం తింటుందో చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఎక్కువ భాగం దారాల్లాంటి ఆకుపచ్చ, ఎర్ర నాచు, ట్యూనికేట్లు (రాళ్ళకు అతుక్కుని బతికే సంచుల్లాంటి జీవులు). తక్కువ మోతాదులో కోరల్, బ్రయోజోవాలు (నాచులా పరుచుకునే చిన్న జీవుల గుంపులు), పురుగులు, నత్తలు, సీ అర్చిన్ జాతివి. కోరల్ దాని జాబితాలో ఉంది గానీ చివర్లో ఉంది. మనం చేయగలిగిందల్లా మొదటి వరసలో ఉన్నవాటితో కడుపు నింపి, చివరిదాని దాకా రానీయకుండా చూడటం.

మూడో మెట్టు: ట్యాంక్ ముందు కూర్చుని మూడు జాబితాలు రాయండి

దీన్ని చాలామంది దాటేస్తారు. అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. ఒక కాగితం తీసుకుని ట్యాంక్‌లో ఉన్న ప్రతి ప్రాణినీ మూడు వరసల్లో ఏదో ఒకదాంట్లో రాయండి.

మొదటి వరస, పోయినట్టే లెక్క. క్లీనర్ రొయ్యలు, పెప్పర్‌మింట్ రొయ్యలు, చిన్న హెర్మిట్ పీతలు, ఆస్ట్రియా, నస్సారియస్, సెరిత్ లాంటి చిన్న నత్తలు, ఫెదర్ డస్టర్ పురుగులు. పెద్ద టర్బో నత్తలు కొన్నాళ్ళు నిలబడొచ్చు. ట్రైడాక్నా గుల్లలను కూడా నేను ఈ వరసలోనే వేస్తాను. వాటి అంచును ఒకసారి కొరకడం నేర్చిన పఫర్ ఇక మానదు.

రెండో వరస, అనుమానం. జోయాంథిడ్‌లు (బొత్తాముల్లాంటి పాలిప్‌ల గుంపులు), కండ ఎక్కువగా ఉండే ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌ల రాతి) కోరల్స్, ముఖ్యంగా ఆకాన్‌లు, స్కోలీలు. ఆక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌ల రాతి) కోరల్స్ కొమ్మల కొసలు. ఇవేవీ తాకని టోబీలు ఉన్నాయి, వారంలో ఒక కాలనీని ముగించినవీ ఉన్నాయి. పొడుగు రెక్కల నెమ్మది చేపలనూ ఇందులో రాయండి. టోబీలకు రెక్కలు కొరికే అలవాటు ఉంది.

మూడో వరస, చాలావరకు క్షేమం. టోడ్‌స్టూల్ లాంటి లెదర్ కోరల్స్, సినులారియా, మష్రూమ్ కోరల్స్, క్లౌన్ చేపలు, టాంగ్ చేపలు, చురుకైన రాస్ చేపలు.

ఇప్పుడు మొదటి వరస చూడండి. అందులో ఉన్నవి లేకపోతే మీ ట్యాంక్ నడుస్తుందా? నాచు తినే నత్తల సైన్యం మీద ఆధారపడ్డ ట్యాంక్ అయితే, అది పోయాక నాచు ఎవరు తీస్తారు? టాంగ్, బ్లెన్నీ చేపలు ఆ పని కొంత చేస్తాయి. టోబీ కూడా నాచు కొరుకుతుంది గానీ నత్తలంత పని చేయదు. రెండో వరసలో మీరు ఏళ్ళుగా పెంచిన, మళ్ళీ దొరకని కోరల్ ఒక్కటి ఉన్నా నా సలహా సూటిగా చెబుతాను. వద్దు. ఎస్‌పీఎస్ నిండిన ట్యాంక్‌కైతే మరీ వద్దు. సాఫ్ట్ కోరల్స్, మష్రూమ్‌లు ఎక్కువగా ఉండి, రొయ్యలు లేని ట్యాంక్ అయితే ముందుకు వెళ్ళొచ్చు.

ఇక్కడే మరో మాట. భారతదేశంలో రాతి కోరల్స్, సీ ఫ్యాన్‌లు, కొన్ని ట్రైడాక్నా జాతులు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, కోరల్స్ 2001 నుంచి. మన్నార్ నుంచో అండమాన్ నుంచో తెచ్చిన ముక్క అని ఎవరైనా తక్కువ ధరకు చూపిస్తే, పఫర్ కొరుకుతుందా లేదా అన్నది మీ చివరి టెన్షన్ అవుతుంది.

నాలుగో మెట్టు: నీళ్ళు ఈ చేపను మోయగలవా?

ఒక్క టోబీకి 120 లీటర్లు చాలని చాలాచోట్ల ఉంటుంది. నేనైతే 200 లీటర్ల కంటే తక్కువలో వేయను. చిన్న ట్యాంక్‌లో విసుగెత్తిన పఫర్ అద్దం వెంట పైకీ కిందికీ గంటల తరబడి ఈదుతుంది, ఆ విసుగే కోరల్ మీదకు మళ్ళుతుంది.

పఫర్ శుభ్రంగా తినదు. గుల్లను నమిలి సగం బయటికి ఊదేస్తుంది. ఆ ముక్కలు రాళ్ళ మధ్య కుళ్ళి నైట్రేట్, ఫాస్ఫేట్ పెంచుతాయి. ఇప్పటికే మీ నైట్రేట్ 20 పీపీఎం దాటి తిరుగుతుంటే పఫర్ ఆలోచన వాయిదా వేయండి. మంచి స్కిమ్మర్ (నురుగుతో నీళ్ళలోని మురికి లాగే పరికరం) ఉండాలి, అదీ ట్యాంక్ సైజుకు మించింది అయితే మేలు. ఉప్పు సాంద్రత 1.025 దగ్గర, వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాద్ ఎండాకాలంలో నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేకుండా ఇది కష్టమని రీఫ్ ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక ట్యాంక్‌కు ఒకే టోబీ. జత వేయాలని ముచ్చట పడకండి, మగవి హద్దుల కోసం కొట్టుకుంటాయి. లయన్‌ఫిష్, గ్రూపర్ లాంటి మింగే చేపలున్న చోట అసలు వద్దు. పఫర్ ఒంట్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది, మింగిన చేపా చావొచ్చు.

ఈ విషం గురించి భయపడేవాళ్ళు చాలామంది. కాలేయం, అండాశయం, చర్మం వీటిలో ఉంటుంది, వండినా పోదు. బాక్స్‌ఫిష్‌లాగా ట్యాంక్ మొత్తం చావడం టోబీల వల్ల జరగడం నేను చూడలేదు. అయినా చచ్చిన పఫర్‌ను చూసిన వెంటనే తీసేయండి, పిల్లికో కుక్కకో అందేచోట మాత్రం పడేయకండి.

ఐదో మెట్టు: షాపులో పది నిమిషాలు నిలబడండి

పొట్ట పక్కల నుంచి చూడండి. లోపలికి పీక్కుపోయి ఉంటే లోపల పురుగులున్నాయనో, చాలా రోజులుగా తినలేదనో అర్థం. కళ్ళు తేటగా ఉండాలి, మీ వేలు వెంట తిరగాలి. పళ్ళు పెదవులు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటే వదిలేయండి. వాటిని కత్తిరించవచ్చు గానీ చేపకు మత్తిచ్చి చేయాల్సిన పని, మొదటిసారి పెంచేవాళ్ళకు కాదు.

తర్వాత తిండి వేయమని అడగండి. మీ ముందే తినాలి. ఆ ట్యాంక్‌లో దానితో పాటు ఏ చేపలు ఉన్నాయో, వాటి రెక్కలు చిరిగి ఉన్నాయా లేదా అన్నది కూడా చూడండి. నా అనుభవంలో షాపు కుర్రాడి మాట కంటే పక్క చేప తోక ఎక్కువ నిజం చెబుతుంది.

పట్టేటప్పుడు వల వాడనివ్వకండి. నీళ్ళ కిందే డబ్బాలోకి తోలి, నీళ్ళతో సహా తీయాలి. పఫర్ బెదిరితే పొట్టలోకి నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. గాల్లోకి ఎత్తితే గాలి పీలుస్తుంది, అది బయటికి రావడం కష్టం. అలా జరిగితే నీళ్ళ లోపల చేపను మూతి పైకి, తోక కిందికి ఉండేలా మెల్లగా పట్టుకోండి, గాలి బుడగలు వాటంతటవే పోతాయి. ఉబ్బితే చూడాలని దాన్ని బెదిరించే ఆట మాత్రం పిల్లలకు నేర్పకండి.

ఆరో మెట్టు: నేరుగా రీఫ్‌లోకి కాదు

పఫర్‌కు మామూలు పొలుసులు ఉండవు. ఉప్పునీటి తెల్లమచ్చ, అంటే క్రిప్టోకారియాన్, దీనికి త్వరగా తగులుతుంది. రీఫ్ ట్యాంక్‌లో ఆ జబ్బుకు మందు వేయలేం. కాపర్ (రాగి మందు) వేస్తే కోరల్స్, రొయ్యలు, నత్తలు అన్నీ పోతాయి. అందుకని కనీసం నాలుగు వారాలు వేరే ట్యాంక్‌లో ఉంచండి. పఫర్‌లు కాపర్‌ను కూడా మిగతా చేపల్లా తట్టుకోవు, వేయాల్సి వస్తే మెల్లగా మోతాదు పెంచుతూ, రోజూ టెస్ట్ చేస్తూ వేయాలి. మచ్చ కనిపిస్తే నాకు నచ్చే దారి మందు లేనిది. ప్రతి మూడు రోజులకు ఒకసారి, నాలుగుసార్లు, పూర్తిగా ఎండబెట్టి శుభ్రం చేసిన కొత్త ట్యాంక్‌లోకి మారిస్తే పురుగు జీవచక్రం తెగిపోతుంది. రెండు బకెట్లు, రెండు హీటర్లు, రెండు గాలి పంపులు ఉంటే చాలు.

ఈ నాలుగు వారాలు వృథా కావు. దాన్ని చదవడానికి ఇదే సమయం. క్వారంటైన్‌లో ఒక చవక కోరల్ ముక్క పెట్టి చూడండి, పాడైనా బాధ లేనిది. మందు వేయకుండా ఉన్న వారంలోనే, మర్చిపోకండి. కడుపు నిండా తిని కూడా ఆ ముక్కను పొడుస్తుంటే, అది మీ రీఫ్‌కు కాదు. అలాంటి దాన్ని రీఫ్ లేనివాళ్ళకు ఇచ్చేయండి.

ఇంకో పని, నా మొదటి పఫర్‌తో నేను చేయనిది. రోజూ ఒకే పారదర్శక డబ్బాలో తిండి పెట్టండి. డబ్బాను నీళ్ళలో అడ్డంగా పడుకోబెట్టి, అందులో గుల్ల పెట్టండి. పఫర్ తెలివైన చేప, వారంలోపే డబ్బా కనబడగానే పరుగెత్తుకొస్తుంది. ఈ అలవాటు ఎందుకో చివర్లో చెబుతాను.

తిండి గురించి: పెంకుతో ఉన్న చిన్న రొయ్యలు, సగం తెరిచిన ఆల్చిప్పలు, పీత కాళ్ళు, బతికున్న చిన్న నత్తలు అప్పుడప్పుడు, వీటితో పాటు నోరి షీట్ (ఎండబెట్టిన సముద్రపు నాచు) కొంచెం. రొయ్యలు, గుల్లలు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి కరిగించి వేయండి, సముద్రంవే అయ్యుండాలి. ఒకటే రకం నెలల తరబడి పెట్టకండి. కొన్ని గుల్లల్లో, రొయ్యల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉండి విటమిన్ బీ1 ను పాడుచేస్తుంది. మార్చి మార్చి పెట్టి, వారానికి రెండుసార్లు విటమిన్ చుక్కల్లో నానబెడితే చాలు. రోజుకు రెండు పూటలు, కొంచెం కొంచెం. ఆకలితో ఉన్న పఫర్‌ను రీఫ్‌లో వేయడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

ఏడో మెట్టు: రీఫ్‌లో మొదటి మూడు వారాలు

ముందు రెండు మూడు రోజులు చిల్లుల అక్లిమేషన్ బాక్స్‌లో (కొత్త చేపను అలవాటు చేసే పెట్టెలో) ట్యాంక్ లోపలే ఉంచండి. మిగతా చేపలు దాన్ని చూసి మొదటి కోపం దింపుకుంటాయి. తర్వాత సెలవు రోజున, ఇంట్లో ఉన్నప్పుడు వదలండి. తిండి పెట్టాకే వదలండి.

వదలడానికి ముందు ప్రతి కోరల్‌కూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కాగితం మీద రాసిన మొదటి వరస రొయ్యలను వేరే ట్యాంక్‌కో తెలిసినవాళ్ళకో ముందే ఇచ్చేయండి, వాటిని పఫర్‌కు ఎరగా వేయకండి.

ఇక కోరల్ ఏదైనా ముడుచుకుంటే వెంటనే పఫర్ మీద నేరం మోపకండి. నేను గమనించిన ఆనవాళ్ళు ఇవి. కొమ్మ కొసల్లో నిన్న లేని తెల్లటి, చంద్రవంకలాంటి గంటు శుభ్రంగా కనబడితే అది కొరుకుడే. కండ ఉన్న కోరల్ మీద ఒకేచోట ముక్క లేచిపోతే కూడా అంతే. ట్యాంక్ అంతా ఒకేసారి ముడుచుకుంటే నీళ్ళు చూడండి, ఆల్కలినిటీ, ఉప్పు. టోబీ పగటి చేప, దీపాలు ఆరాక రాళ్ళ మధ్య పడుకుంటుంది. రాత్రి క్షేమంగా ఉన్న కోరల్ తెల్లారేసరికి చిరిగితే, టార్చ్ వేసి రాళ్ళలో దాక్కున్న పీత కోసం వెతకండి. అనవసరంగా పఫర్‌ను బయటకు గెంటి, అసలు దొంగను ఇంట్లోనే పెట్టుకున్నవాళ్ళను చూశాను.

ఒక్క గంటు పడితే తిండి మోతాదు, రకాలు పెంచి రెండు రోజులు చూస్తాను. అదే కోరల్ దగ్గరికి మళ్ళీ వెళ్తే ఇక ఆగను. కొరకడం అలవాటైన పఫర్ మారినట్టు నేను చూడలేదు. మూడు వారాలు ఏమీ జరగకపోయినా పూర్తిగా నిశ్చింత వద్దు, ఆరు నెలలు బుద్ధిగా ఉండి ఏడో నెలలో జోయాంథిడ్‌ల రుచి మరిగినవీ ఉంటాయి. నెలకోసారి పాత ఫోటోలతో పోల్చి చూసుకోండి.

ఎనిమిదో మెట్టు: తిరుగుదారి

రాళ్ళు పేర్చిన రీఫ్‌లో ఒక చేపను పట్టాలంటే చాలాసార్లు కట్టడమంతా విప్పాల్సి వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. నా మొదటి వాలెంటినిని పట్టడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది, రెండు కోరల్స్ నా మోచేయి తగిలే విరిగాయి. పఫర్ చేసిన నష్టం కంటే నేను చేసిందే ఎక్కువ.

క్వారంటైన్‌లో నేర్పిన డబ్బా అలవాటు ఇక్కడికే. రీఫ్‌లో కూడా వారానికి రెండు పూటలైనా ఆ డబ్బాలోనే తిండి పెట్టండి. తీయాల్సిన రోజు వస్తే, గుల్ల వేసి, పఫర్ లోపలికి వెళ్ళగానే మూత పెట్టి, నీళ్ళతో సహా డబ్బా ఎత్తడమే. దాన్ని ఎవరికి ఇస్తారో కూడా కొనే ముందే మాట్లాడి పెట్టుకోండి. షాపు వెనక్కి తీసుకుంటుందా, రాళ్ళు చేపలు మాత్రమే ఉన్న ట్యాంక్ మీకు తెలిసినవాళ్ళ దగ్గర ఉందా? రెండింటికీ "లేదు" అన్నదే జవాబైతే, కాగితం మీద మూడు వరసలూ ఎంత బాగున్నా నేను కొనను.

ఇప్పుడు నా దగ్గరున్న రెండో వాలెంటిని వచ్చి రెండేళ్ళయింది. లెదర్ కోరల్స్, మష్రూమ్‌లు, ఒక టాంగ్, రెండు క్లౌన్‌లు దాని ఇరుగుపొరుగు. రొయ్యలు లేవు. కిచెన్‌లో ప్లాస్టిక్ డబ్బా చప్పుడు వినబడితే చాలు, అద్దం దగ్గరికి వచ్చి నిలబడుతుంది.